రాని ఆటను ఆడటం ఎలా

"ఎక్కువ ఆశ పెట్టుకోకు, తర్వాత నువ్వే బాధపడతావు" అని మీకు ఈపాటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. మీ మంచి కోరే చెప్పి ఉంటారు. అయినా ఆ మాట వినకండి. రాబోయే ఆట మీద మీ మనసులో ఎంత ఆశ పడుతుందో అంతా పెట్టుకోండి. పొంగి పొయ్యిలో పడినా పర్వాలేదు.

మా అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి నాలుగు సందుల అవతల వాళ్లిల్లు. 2025 సంక్రాంతికి వెళ్తే, కింద అందరూ అరిసెల చుట్టూ చేరి ఉంటే ఇది మేడ మెట్ల మీద ఫోన్ పట్టుకుని కూచుంది. పక్కన కూచున్నాను. ఫోన్ నా చేతిలో పెట్టింది. 'ది విచర్ 4' ట్రైలర్. అప్పటికి నెల కిందటే, 2024 డిసెంబరులో వచ్చింది. ఆరు నిమిషాలుంటుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అది పోలండ్‌ వాళ్లు చేస్తున్న ఆట. ఆంద్రజెయ్ సాప్కోవ్‌స్కీ అనే పోలిష్ రచయిత కథల్లోంచి పుట్టింది. భూతాల్ని చంపడమే వృత్తిగా బతికేవాళ్లు విచర్లు. ముందు ఆటల్లో నాయకుడు గెరాల్ట్. ఈసారి అతను కూతురిలా చూసుకున్న సిరి. ట్రైలర్‌లో ఓ ఊరివాళ్లు అడవిలో ఉన్న బౌక్ అనే భూతానికి ఒక పిల్లను బలి పంపుతారు. సిరి అడ్డుపడి భూతాన్ని చంపేస్తుంది. తీరా తిరిగొచ్చేసరికి ఊరివాళ్లే ఆ పిల్లను చంపేసి ఉంటారు. ఆ పిల్ల పేరు మియోని.

లోకమంతా సిరి గురించి మాట్లాడుకుంటోంది. ముఖం మారిందా, చేతిలో ఆ గొలుసేమిటి, మెడలో పతకం ఏ విచర్ల గురుకులానిది అని. మా పిల్ల మాత్రం మియోని ముఖం దగ్గర వీడియో ఆపేసింది.

"మావయ్యా, ఈ పిల్ల చచ్చిపోలేదు."

"చంపేశారు కదే."

"చంపేశారు. అందుకే చచ్చిపోలేదు. ఊరు చంపేసిన పిల్ల మనవైపు ఏటవుతాది? అమ్మోరైపోతాది. మళ్లీ వస్తాది, చూడు."

మా బావ కింద నుంచి కేకేశాడు. ముందా ఆట రానీవే, వచ్చాక ఆలోచిద్దువుగాని అని. ఈ సలహాలు రాయడానికి కూచున్నది మా బావ లాంటివాళ్ల మాట మీ చెవిన పడకుండా ఉండటానికే. ఆట తయారుచేస్తున్న పోలండ్‌ వాళ్లకి తట్టని ఊహ ఒకటి విజయనగరం మెట్ల మీద కూచున్న పిల్లకి తట్టింది. ఆట వచ్చేదాకా ఆగి ఉంటే అది పుట్టేదే కాదు.

అసలు ఎదురుచూపు తగ్గించుకోమనే మాట విజయనగరంలో పుట్టినవాళ్ల నోట ఎలా వస్తుందో నాకు తెలీదు. దసరా వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం నాటి సిరిమానోత్సవం కోసం ఊరు ఊరంతా ఏడాది పొడుగునా కాచుకుని ఉంటుంది. ఆ ఏడు ఏ తోటలో ఉన్న ఏ చింతచెట్టు పూజారిని కొసన మోసే సిరిమాను కావాలో పైడితల్లి అమ్మవారే పూజారి కలలోకి వచ్చి చెబుతుందని నమ్మకం. చెట్టు దొరికిందట అన్న కబురుతోనే సగం పండగ మొదలవుతుంది. ఎన్ని అడుగులుందట, ఏ ఊళ్లో దొరికిందట, ఎలా తెస్తున్నారట అని ఇంటింటా అదే మాట. పోయినేడు చూసిందే కదా, మరీ అంత ఆశ పెట్టుకోకండి అని సిరిమాను గురించి ఎవరన్నా అంటారా? ఆటకి మాత్రం ఎందుకంటారు?

'హాలో నైట్: సిల్క్‌సాంగ్' అనే ఆటను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. చేసేది ఆస్ట్రేలియాలో అడిలైడ్ ఊళ్లో ఓ చిన్న బృందం. రేపు మాపు అంటూ ఆరున్నరేళ్లు గడిచి 2025 సెప్టెంబరు 4న వచ్చింది. అన్నేళ్లూ ఆశ చంపుకోమని చెప్పినవాళ్లకు లెక్కలేదు. విడుదల నాడు కొనేవాళ్ల తాకిడికి ఆటలమ్మే పెద్దపెద్ద ఆన్‌లైన్ దుకాణాలే కాసేపు మొరాయించాయి. ఆ రోజు ఆశ చంపుకున్నవాడికి దొరికింది ఒక ఆట మాత్రమే. ఆశ పెట్టుకున్నవాడికి ఆరున్నరేళ్లూ దొరికాయి, పైగా ఆటా దొరికింది.

అలాగే నాయకుణ్ని వదిలేసి చిన్న పాత్రను పట్టుకోండి. నాయకుడి సంగతి కంపెనీ చూసుకుంటుంది. ఇందాకటి ఆటలోనే హార్నెట్ అనే పాత్ర ఉంది. మొదటి ఆట 'హాలో నైట్'లో ఆమె మధ్యలో దారికడ్డం వచ్చి కొట్లాడి వెళ్లిపోయేది. ఆటగాళ్లు ఆమెను పట్టుకుని వదల్లేదు. రెండో ఆట సిల్క్‌సాంగ్‌కి నాయిక ఆమే. ట్రైలర్‌లో రెండు క్షణాలు కనిపించి పోయినవాళ్లను చూడండి. నీళ్లు మోసేవాడు, తలుపు వేసేసే ముసలమ్మ, గుంపులో తల దించుకున్న ఒకడు. వాళ్లకి పేర్లు పెట్టండి. ఇల్లు ఎటువైపో, ఎవరికి ఎంత బాకీ ఉన్నారో మీరే నిర్ణయించండి.

ఇంకో సలహా. దీనికి మీ ఇంగ్లీషు మాస్టారు ఒప్పుకోరు. ట్రైలర్ మొదటిసారి చూసేటప్పుడు కింద వచ్చే అక్షరాలు ఆపేయండి. వీలైతే శబ్దం కూడా తీసేయండి. ఇంగ్లీషు సరిగా రాదని బెంగపడేవాళ్లు మనవైపు చాలామంది ఉన్నారు. వాళ్లకి నేను చెప్పేదొకటే, రాకపోవడం ఈ విషయంలో మీ అదృష్టం.

'ఎల్డెన్ రింగ్' అనే ఆట చేసిన హిదెతాకా మియాజాకి జపాన్‌లో పెద్దగా డబ్బులేని ఇంట్లో పెరిగాడు. లైబ్రరీ నుంచి ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాలు తెచ్చుకునేవాడు. చాలావరకు అర్థమయ్యేవి కావు. అందులోని బొమ్మలు చూసి, అర్థంకాని చోటల్లా తనే కథ అల్లుకునేవాడు. పెద్దయ్యాక చేసిన ఆటలు కూడా అలాగే ఉంటాయి. కథ ఎక్కడా తిన్నగా చెప్పడు. ఒక కత్తి మీద రెండు ముక్కలు, పాడుబడ్డ గుడిలో ఒక విగ్రహం, అంతే. మిగిలింది ఆడేవాడు నింపుకోవాలి. ఆ నింపుకోవడం ఆయనకు పట్టుబడింది ఇంగ్లీషు రాని రోజుల్లోనే.

నా సంగతీ అంతే. మా నాన్నది విజయనగరం, అమ్మది బొబ్బిలి. బొబ్బిలిలో అమ్మమ్మగారింటి అటక మీద ఓ రేకుపెట్టె నిండా పాత చందమామలుండేవి. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ ఒకటి, 'చిత్ర' వేసిన బొమ్మలతో. నాకు దొరికినవి పదకొండు సంచికలు. వాటి మధ్యలో మూడు లేవు. చెదలు తిన్నాయో, ఎవరు పట్టుకుపోయారో. పడవ మునిగిపోతుండగా ఒక సంచిక ఆగిపోయేది, తర్వాతి దాంట్లో నాయకుడు కొండ మీద గుర్రం ఎక్కి ఉండేవాడు. మధ్యలో ఏం జరిగిందో చెప్పే నాథుడు లేడు. ఆ మూడు నెలల కథ నేనే అల్లాను. గుర్రం ఎక్కడిది? మా ఊరి సంతలో కొన్నాడు. నడివయసులో ఆ సీరియల్ మొత్తం దొరికితే చదివాను. బాగుంది, చాలా బాగుంది. కానీ ఇవాళ కళ్లు మూసుకుంటే కనిపించేవి నేనల్లిన ఆ మూడు నెలలే.

కాబట్టి తప్పుగా ఊహించండి. సరైన ఊహ కోసం తాపత్రయపడకండి, సరైన జవాబు ఎలాగూ ఆటలో వస్తుంది. మీదంటూ ఉండేది తప్పు జవాబే. 2022 మార్చిలో విచర్ కొత్త కథ వస్తోందని చెబుతూ ఒక్క బొమ్మ విడుదల చేశారు. మంచులో సగం కూరుకుపోయిన పతకం. అంతే, ఇంకేమీ లేదు. దాని చెవుల వంపు చూసి పిల్లి అన్నవాళ్లున్నారు, కాదు లింక్స్ అనే అడవిపిల్లి అన్నవాళ్లున్నారు. కంపెనీ చివరికి అది లింక్సే అంది. పిల్లి అనుకున్నవాళ్లు అప్పటికే ఆ పిల్లి గురుకులానికి కోటలు కట్టారు, గురువుల్ని పెట్టారు, నియమాలు రాశారు. అవన్నీ కొట్టేయాలా? కొట్టేయకండి. మీ పిల్లి గురుకులం మీది.

ఎల్డెన్ రింగ్ విషయంలో ఇంకా ముచ్చటైన సంగతి జరిగింది. 2019 జూన్‌లో ప్రకటించాక రెండేళ్లపాటు కంపెనీ ఒక్క ముక్క బయటికి పొక్కనివ్వలేదు. ఎదురుచూసేవాళ్లు ఉండబట్టలేక ఆటలోని పాత్రల్ని వాళ్లే పుట్టించారు. పొడుగు కర్రకి కత్తి బిగించి తిప్పే యోధుడు ఒకడు, పేరు గ్లేవ్ మాస్టర్ హోదిర్. వాడు ఎక్కడ ఎదురవుతాడు, వాణ్ని ఎలా ఓడించాలి, ఓడిస్తే ఏం దక్కుతుంది అని ఆట ఆడేసినవాళ్లలా మాట్లాడుకునేవారు. 2022 ఫిబ్రవరి 25న ఆట వచ్చింది. అందులో హోదిర్ లేడు. అయినా వాణ్ని తలుచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆటలో ఉన్న ఎన్నో పాత్రలకు దక్కని ఆయుష్షు లేనివాడికి దక్కింది.

మనకి ఇది కొత్త కాదు. 2015 జూలై 10న బాహుబలి వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో ఉన్న ఇరవై ఒక్క నెలలూ తెలుగు నేలంతా బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న దాని గురించే మాట్లాడింది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఆటో ఎక్కితే ఆ డ్రైవరు దారి పొడుగునా నాకు చెప్పిన కథ ఇప్పటికీ మరిచిపోలేదు. "కట్టప్పది తప్పు కాదు బావూ. బాహుబలే సంపీమన్నాడు. కొడుకుని బతికించాలంటే నానుండకూడదని సెప్పీసుంటాడు. అందుకే సూడు, పొడిసినప్పుడు ఎనక్కి తిరగలేదు." డబ్బులు తీసుకుని కూడా ఇంకో ఐదు నిమిషాలు చెప్పాడు, హ్యాండిల్ మీద చెయ్యి తీయకుండా. సినిమాలో శివగామి ఆజ్ఞాపించిందని తేలింది. నాకు మాత్రం ఆటో కథే నచ్చింది. అందులో చంపినవాడికీ చచ్చినవాడికీ ఇద్దరికీ గౌరవం ఉంది.

ఇక పక్షం తీసుకోవడం గురించి. పాత్రల విషయంలో నిష్పక్షపాతంగా ఉండమని, రెండు వైపులా ఆలోచించమని పెద్దలు చెబుతారు. వద్దు. ఒక పక్షం పట్టుకోండి, గట్టిగా పోట్లాడండి, గొంతు బొంగురుపోయేదాకా.

నేను పెరిగింది అలాంటి ఇంట్లో. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద విజయనగరం రాజు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి పడ్డారు. బొబ్బిలిలో అమ్మమ్మ చెప్పే కథకు నాయకుడు తాండ్ర పాపారాయుడు. రాజాం నుంచి వచ్చేసరికి కోట బూడిదైపోయింది. రాత్రి డేరాలో దూరి విజయరామరాజుని చంపి, తనూ ప్రాణం తీసుకున్నాడు. ఆ డేరా గుడ్డ చీల్చిన చప్పుడు కూడా అమ్మమ్మ నోటితోనే చేసేది. సెలవులైపోయి విజయనగరం వచ్చేస్తే నాయనమ్మ కథలో అదే చావుకి ఏడ్చే మనిషి వేరు. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ. యుద్ధం వద్దన్నా అన్న వినలేదు. ఆ కబురు విన్నాక ఆమె ఇక మామూలు మనిషిగా లేదు. పెద్దచెరువులో ఆమె విగ్రహం దొరికిందనీ, జాలరులు వలవేసి తీశారనీ, ఆమే పైడితల్లి అమ్మవారనీ నాయనమ్మ చెప్పేది. సిరిమాను ముందు జాలరి వల నడిచేది అందుకే.

ఒకే రాత్రి, ఒకే డేరా. ఇటు ఒక వీరుడు పుట్టాడు, అటు ఒక దేవత పుట్టింది. మా అమ్మా నాయనమ్మా ఈ విషయంలో ముప్పై ఏళ్లు ఒక మాట మీదికి రాలేదు. వచ్చి ఉంటే నాకు ఒక్క కథే దక్కేది. బొబ్బిలివాళ్లు పాపారాయుణ్ని, విజయనగరంవాళ్లు పైడితల్లిని రెండున్నర శతాబ్దాలు దాటినా గుండెలో పెట్టుకున్నది రాజీ పడనందుకే. రేపు మీ ఆటలో రెండు రాజ్యాలుంటే, ట్రైలర్ చూసిన రోజే ఒకటి మీదనుకోండి. కారణం జెండా రంగు నచ్చడమైనా సరే. రెండోదాని అభిమాని మీ పక్క బెంచీలోనే ఉంటాడు. వాడితో పోట్లాడండి, మర్నాడు వాడి పక్కనే కూచుని డబ్బా విప్పి భోంచేయండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సలహా. ఆట చేసేవాళ్ల లోకంలో మీ ఊరి సామాను పెట్టేయండి. అడక్కుండా పెట్టేయండి.

కల్పిత లోకం అనగానే అందరూ రాజుల వంశవృక్షం, ఖడ్గాల పేర్లు రాసుకుంటారు. ఆ రాజు వేసుకున్న చొక్కా ఎవరు నేశారు? ఆ ప్రశ్న వేసుకున్నారంటే మీరు పొందూరు వెళ్లాలి. శ్రీకాకుళం నుంచి ఎంతోసేపు పట్టదు. అక్కడ నేను చూసిన ఓ ముసలమ్మ చేతిలో వాలుగ చేప దవడ ఉంది. ఎండిన ఎముక, దాని అంచున దువ్వెనకన్నా సన్నగా, లెక్కపెట్టలేనన్ని పళ్లు. కొండపత్తి గింజను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, దానికున్న దూదిని ఆ దవడ మీద నెమ్మదిగా లాగుతోంది. ఒక్కొక్క గింజనూ విడివిడిగా. పిల్ల తల చిక్కు తీస్తున్నట్టు ఉంది. చెత్త అంతా పళ్లలో నిలిచిపోయి, పోగులన్నీ ఒకే వైపుకి వాలి తెల్లగా బయటికొస్తున్నాయి. ఆ దూదితో ఏకులు చేసి, పాడవకుండా ఎండిన అరటి డొప్పలో చుట్టి, రాట్నం మీద వడుకుతారు. మిషను ఎందుకు వాడరమ్మా అంటే, "మిసనుకి సేపంత సున్నితం ఏటి తెలుస్తాది?" అంది, తలెత్తకుండానే.

ఏ ఫాంటసీ రచయితకైనా ఇలాంటి వివరం ఒక్కటి దొరికితే జన్మ ధన్యమవుతుంది. చేప దవడతో దువ్విన దూది! అది మనకి కాశీ మజిలీ కథ కాదు, బస్సెక్కితే చేరే ఊరు. విచర్ 4 కథ జరిగే చోట కోవిర్ అనే మంచుకొండల రాజ్యం ఉందని చూపించారు. నేనక్కడ పొందూరు మగ్గాలు పెట్టేశాను. కోవిర్ నదుల్లో వాలుగలు ఈదుతున్నాయి. అక్కడి పాటగాళ్ల చేతిలో బొబ్బిలి వీణ పెట్టాను. అది బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధివారు పనసచెట్టు దుంగను ఒకే ముక్కగా తొలిచి చేసే వీణ. అతుకు లేని వీణ కాబట్టి చలికి బీటలివ్వదని నా వాదన. నిజంగా ఇవ్వదో ఇస్తుందో ఆ లోకానికి వెళ్లినప్పుడు చూసుకుంటాను.

'బ్లాక్ మిత్: వుకాంగ్' చేసిన చైనావాళ్లు ఇలాంటి పనే చేశారు. కోతిరాజు కథకి వాళ్లు గాల్లోంచి గుళ్లు పుట్టించలేదు. షాన్‌షీ రాష్ట్రంలో ఉన్న పాత బౌద్ధ ఆలయాల్ని, విగ్రహాల్ని చూసి ఆటలోకి దింపారు. 2024 ఆగస్టు 20న ఆట విడుదలయ్యాక కుర్రకారు ఆ ఆలయాల ముందు వరస కట్టింది. మనకి వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది, స్తూపాలతో. దంతవక్త్రుని కోట మట్టి దిబ్బలున్నాయి. అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, సూర్యుడు గుమ్మం దాటొచ్చి తన విగ్రహం పాదాలు తానే తాకుతాడు. ఇంతకన్నా మంచి రహస్య ద్వారం ఏ ఆటలో ఉంది చెప్పండి. ఎవరో వచ్చి ఆట చేసేదాకా వీటిని అలా వదిలేయక్కర్లేదు. ఎవరి ఆటలోనైనా సరే ఇప్పుడే పెట్టేసుకోండి.

శ్రీముఖలింగం సంగతి వేరే చెప్పాలి. అక్కడి శివుడు మధుకేశ్వరుడు. మధుకమంటే ఇప్పచెట్టు. సవర దొర ఒకడికి ఇద్దరు భార్యలట. ఇంటి దగ్గరి ఇప్పచెట్టు కొమ్మల పూలు నీవా నావా అని ఇద్దరికీ రోజూ గొడవ. విసిగిపోయిన దొర గొడ్డలి తీసుకుని చెట్టు నరికితే మోడులోంచి శివుడి ముఖం బయటపడిందట. కొట్లాటలోంచి దేవుడు పుట్టాడు. కింద పూలేరుకునే ఇద్దరాడవాళ్లు లేకపోతే ఆ గుడే లేదు. మీరు రాసుకునే లోకంలో దేవుళ్లు ఆకాశంలోంచి కాకుండా ఇలా ఇంటి గొడవల్లోంచి పుడితే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

అదే శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. లిపిలేని ఆ భాషకి వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. 1936లో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకి సొంత లిపి తయారుచేశాడు. ఆ లిపి పేరు సొరాంగ్ సొంపెంగ్. ఆ అక్షరాల్ని దైవంగా కొలిచేవాళ్లున్నారు. అక్షరమే దేవుడైన కొండ! ఫాంటసీ ఆటల్లోని కల్పిత భాషలు నేర్చుకునే కుర్రాళ్లను చూశాను. బాహుబలిలో కాలకేయుల కోసం మదన్ కార్కి అల్లిన కిలికి భాష మా పిల్లకి నోటికొచ్చు. అది తప్పని నేననను. దాని పక్కనే సీతంపేట సంతకి వెళ్లి పది సవర మాటలు నేర్చుకురమ్మంటాను. ఉప్పు, అగ్ని, దారి, అమ్మ. ఆ పది మాటలతో మీ పాత్రలు మాట్లాడటం మొదలుపెడితే ఏ ట్రైలర్‌లోనూ వినని గొంతు వినిపిస్తుంది.

ఇవన్నీ ఎక్కడ రాయాలి? ఫోన్‌లో రాయకండి. ఫిజిక్స్ నోట్సు వెనక పేజీల్లో రాయండి. మా పిల్ల అలాగే రాసింది, మియోని గురించి అరవై పేజీలు. ముందు నుంచి కాంతి వక్రీభవనం, వెనక నుంచి మియోని. రెండూ మధ్యలో కలుసుకున్న చోట ఒక పేజీలో ఇంద్రధనస్సు బొమ్మ ఉంది. అది పాఠమో కథో నాకు ఇప్పటికీ తెలీదు. మార్కులు రెండు తగ్గాయి. తగ్గనివ్వండి.

కంప్యూటరు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవైపు చాలా ఆశలు అక్కడే చచ్చిపోతాయి. ఈ ఆటలు ఆడాలంటే కావలసిన గ్రాఫిక్స్ కార్డు ఖరీదు ఒక చిన్న రైతు పంట డబ్బు. మా పిల్ల దగ్గర ఉన్నది మూడేళ్ల కిందటి ఫోను, వాళ్ల నాన్న ఆఫీసు పనికి తెచ్చుకునే లాప్‌టాప్. అందులో విచర్ 4 తెరుచుకోదు. తెరుచుకోదని ఆ పిల్లకి తెలుసు. కొనే స్తోమత లేనప్పుడు ఎదురుచూడటమెందుకని అడిగేవాళ్లుంటారు. వాళ్లకి ఒకటే చెప్పండి, ఎదురుచూడటానికి ఏ కార్డూ అక్కర్లేదు. బొబ్బిలి కథ తరతరాలుగా విన్నవాళ్లలో ఎంతమందికి కోటలో అడుగుపెట్టే యోగం పట్టింది? పాపారాయుణ్ని ప్రేమించడానికి వాళ్లకి గుర్రం కావలసి వచ్చిందా?

ఎప్పటికో కొనగలిగారే అనుకోండి. ఆట వచ్చిన రోజున ఆడకండి. ఆ రోజు మీ నోట్సు మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకసారి చదువుకోండి. తీరిగ్గా పది రోజులు ఆగి మొదలుపెట్టండి. ఆట ఒకటి చెప్పి మీ నోట్సు ఇంకొకటి చెబితే, నోట్సుదే నిజం. ఆటలో మియోని మళ్లీ రాకపోతే ఆట తప్పు చేసినట్టే లెక్క. చివరి అంకం మాత్రం ఆడకండి. ఆఖరి తలుపు దగ్గర ఆపేయండి. ఆ తలుపు వెనక ఏముందో మీరు రాసుకున్నదే ఉండనివ్వండి, నా మూడు చందమామల్లాగా.

2025 అక్టోబరు 7, మంగళవారం. సిరిమానోత్సవం. తెలిసినవాళ్ల మేడ మీద నిలబడ్డాం, పిల్ల చేతిలో అరటిపళ్ల సంచి. కింద వీధి కనిపించట్లేదు, తలలే. ముందు జాలరి వల వెళ్లింది, తెల్ల ఏనుగు రథం వెళ్లింది. అమ్మవారి చదురుగుడి వైపు నుంచి మాను కదిలింది. అంత పొడుగు మాను, దాని కొసన ఆకాశంలో ఊగుతూ పూజారి. అందరూ అరటిపళ్లు విసురుతున్నారు. మా పిల్ల కూడా విసిరింది, ఒకటి సరిగ్గా మాను దాకా వెళ్లింది. కళ్లల్లో నీళ్లు, మొహం నిండా నవ్వు.

"మావయ్యా, మియోనికి ఇలాగే చేస్తారు. చంపిన ఊరే మోస్తాది. కానీ అక్కడ చింతచెట్టు ఉండదు కదా?"

"ఆ చలికి చింత బతకదే."

"అయితే ఏ మాను?"

కోట దాకా మూడుసార్లు వెళ్లి రావాలి సిరిమాను. మొదటి తిరుగుడు అయ్యేలోపు భూర్జవృక్షం అనుకున్నాం, బెరడు తెల్లగా ఉంటుందని. ఊగితే విరిగిపోతుందని అదే కొట్టేసింది. రెండో తిరుగుడులో మా పక్కనున్న పెద్దాయన కూడా మాటల్లోకి దిగాడు. మియోని ఎవరో ఆయనకి తెలీదు, మాను గురించి మాత్రం బాగా తెలుసు. నిటారుగా పెరిగి, బరువు మోసే చెట్టు కావాలన్నాడు. మూడోసారి మాను కోట బురుజు దగ్గరికి వచ్చేసరికి దేవదారు ఖాయమైంది. ఇంక ఆ మంచులో ముందు నడిచి వల వేసేదెవరో తేలాలి.